మారతహళ్లిలో ఫ్రేజల్ వెర్బుల వారాంతపు తరగతి: పాఠం బాగుంది, పుస్తకం బాగులేదు

బెంగళూరు మారతహళ్లిలో జావా, టెస్టింగ్, క్లౌడ్ అంటూ కోర్సుల బోర్డు వేలాడని మేడ అరుదు. ఆ బోర్డుల మధ్యనే స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులూ ఉంటాయి. కింద ఆంధ్రా మెస్సు, పైన పీజీ (పేయింగ్ గెస్ట్ వసతి), మధ్య అంతస్తులో తరగతి గది అన్న ఏర్పాటుతో నడిచే అటువంటి సంస్థ ఒకటి, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న తెలుగువారి కోసం ప్రత్యేకించి ఫ్రేజల్ వెర్బుల మీద రెండు నెలల ఆదివారపు తరగతి నిర్వహిస్తున్నది. దానిలో చేరి చివరిదాకా కూర్చున్న మీదట రాస్తున్న సమీక్ష ఇది. కొన్ని లోపాలను నిర్మొహమాటంగా చెప్పవలసి ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. పైగా ఇదే పద్ధతిని కాస్త అటూ ఇటూ మార్చి వాడే సంస్థలు ఆ వీధిలోనే మరికొన్ని ఉన్నాయి కాబట్టి, ఇక్కడ చెప్పిన మంచిచెడులను చదివేవారు తాము చేరబోయే చోట సరిచూసుకోవచ్చు.

క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్, ఇన్, డౌన్ వంటి పొట్టి మాట ఒకటి చేరి, రెండూ కలిసి ఒక కొత్త అర్థం ఇస్తే దానిని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. పుట్ అంటే పెట్టడం, ఆఫ్ అంటే ఆగిపోవడం అని తెలిసినవారికి కూడా పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడమని ఊహించే దారి లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన నిఘంటువు పీఠికలోనే ఈ రకపు కూర్పు విదేశీయులను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని రాశాడు. ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు. పాఠం చెప్పే మేడమ్ ఈ చరిత్రను రెండు మాటలలో ముగించి నేరుగా పనిలోకి దిగారు.

ఆమె అనంతపురం వైపు మనిషి. మొదటి తరగతిలో పుస్తకం తెరవనివ్వలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు అప్, ఆఫ్, అవుట్, ఇన్ అనే తోకలతో మన నోట వచ్చే మాటలన్నీ చెప్పమన్నారు. ముందు ఎవరూ పెదవి విప్పలేదు. వెనుక బెంచీ నుంచి ఒకరు స్విచాఫ్ అనగానే మిగిలినవి వరుసకట్టాయి. చెకప్, మేకప్, సెటప్, బ్యాకప్, పికప్, లాగిన్, సెండాఫ్, డ్రాపవుట్, వర్కవుట్, బిల్డప్ అంటూ చెబుతుండగా బోర్డు నిండిపోయింది. లేఅవుట్ అన్నప్పుడు అందరూ నవ్వారు, ఎందుకంటే గదిలో ఉన్నవారిలో చాలామంది చిరునామాలో ఆ మాట ఉంది. బీటీఎం లేఅవుట్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అనే పేటలలో ఉంటూ లే అవుట్ అన్న క్రియ ఎప్పుడూ వాడలేదని అప్పుడే గమనించినట్టుంది. నేలను కొలిచి, రోడ్లు గీసి, ప్లాట్లుగా అమర్చడం లే అవుట్ చేయడం. అలా అమర్చిన జాగా లేఅవుట్.

ఈ తరగతిని ఎవరికైనా సిఫారసు చేయడానికి నాకు ఆ ఒక్క గంట చాలు. తెలుగువారికి ఫ్రేజల్ వెర్బులు రావు అన్నది ఆమె ఒప్పుకోలేదు. అవి మన భాషలోకి ఎప్పుడో వచ్చేశాయి. అయితే విడదీయడానికి వీలులేకుండా అతుక్కుపోయి, నామవాచకాలై వచ్చాయి, మనం వాటి చివర చేయి, అవు, ఇవ్వు అని తగిలించి వాడుకుంటున్నాం అన్నది ఆమె వాదన. స్విచాఫ్ చేయి, లాగిన్ అవ్వు, బిల్డప్ ఇవ్వకు అన్నప్పుడు మన నోటికి అది ఒకే ముద్ద. కొన్నిటికి అర్థం కూడా ఇక్కడే మారింది. ఇంగ్లిష్‌లో బిల్డప్ అంటే క్రమంగా పోగవడం, తెలుగులో లేని గొప్పలు పోవడం. వర్కవుట్ అవ్వదు అని మనం తేల్చిచెప్పేది బేరం గురించో సంబంధం గురించో. జిమ్ముతో దానికి పని లేదు.

ముద్దగా రావడం వల్ల నష్టం ఎక్కడంటే సర్వనామం దగ్గర. ఫ్యానును ఆపమని చెప్పడానికి స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్ అనవచ్చు, స్విచ్ ది ఫ్యాన్ ఆఫ్ అని కూడా అనవచ్చు. ఫ్యాన్ అన్న మాట బదులు ఇట్ వచ్చిందంటే ఆ స్వేచ్ఛ పోతుంది, స్విచ్ ఇట్ ఆఫ్ అనే అనాలి. మనవాళ్లు తరచుగా స్విచ్ ఆఫ్ ఇట్ అంటారు, ఎందుకంటే వాళ్ల మనసులో ఉన్నది స్విచాఫ్ అనే ఒకే మాట, దాని నడుమ ఇంకో మాట దూరే సందు లేదు. మేడమ్ బోర్డు మీద క్రియను ఒక చివర, ఆఫ్‌ను మరో చివర రాసి, నడుమ ఖాళీలో ఎర్ర మార్కరుతో ఇట్ అని రాశారు. ఆ తరువాత ఒక్కొక్కరినీ లేపి, పిక్ అప్, కాల్ ఆఫ్, ఫిల్ ఇన్, బ్యాక్ అప్ అన్న నాలుగింటినీ ఇట్‌తోను, దెమ్‌తోను చెప్పించారు. తప్పు చెప్పినవారిని సరిదిద్దకుండా బోర్డు వైపు చూపించి ఊరుకోవడం ఆమె పద్ధతి. సూత్రం వల్లించడం కంటే ఇది బాగా పట్టింది.

అయితే లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటూ వంటివి ఈ దారిన నడవవు. వాటిలో రెండో మాట తన తరువాతి నామవాచకాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి లుక్ ఇంటూ ఇట్ అనే అనాలి, ఇట్ మధ్యకు రాదు. పుట్ అప్ విత్ వంటి మూడు మాటల కూర్పు కూడా అంతే. ఏది విడిపోతుంది, ఏది విడిపోదు అని కనిపెట్టడానికి ఆమె చెప్పిన గుర్తు ఉచ్చారణకు సంబంధించినది: విడిపోయే వాటిలో గొంతు సాధారణంగా రెండో మాట మీద బలంగా పడుతుంది, విడిపోని వాటిలో క్రియ మీద పడుతుంది. ఇదే మాట నామవాచకం అయినప్పుడు బలం మొదటికి జరుగుతుంది. సెట్ అప్ చేయడం అన్న క్రియలో అప్ గట్టిగా, సెటప్ అన్న నామవాచకంలో సెట్ గట్టిగా పలుకుతారు. రాతలో కూడా క్రియ రెండు మాటలు, నామవాచకం సాధారణంగా ఒక మాట. మన కంపెనీ ఈమెయిళ్లలో లాగిన్, బ్యాకప్ అన్నవి క్రియలుగా కూడా కలిపే కనిపిస్తాయి గాని, విడదీసి రాయడమే పద్ధతి. బల్ల మీద వేళ్లతో తాళం వేయించి ఈ భాగం నేర్పారు. బలం మార్చితే అర్థం మారే అలవాటు తెలుగులో లేదు కనుక దీనికి మరొక ఆదివారం కేటాయించి ఉండవలసింది. హడావిడిగా ముగిసింది.

ఆఫ్ గురించి చెప్పిన తరగతి మొత్తం కోర్సుకే తలమానికం. తెలుగువారికి ఆఫ్ అంటే ఆగిపోవడం, కరెంటు పోవడం. నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టి ఉండే ప్రొడక్షన్ సపోర్టు ఉద్యోగి ఒకడు తన అనుభవం చెప్పాడు. అమెరికాలో ఉన్న లీడు, తెల్లవారుజామున మూడింటికి అలర్ట్ వెంట్ ఆఫ్ అని సందేశం పెట్టాడు. ఇతను దానిని అలర్టు దానంతట అదే ఆగిపోయింది, ఇక చూడనక్కరలేదు అని అర్థం చేసుకున్నాడు. ఆ వాక్యానికి అర్థం అలర్టు మోగింది అని. లైట్ వెంట్ ఆఫ్ అంటే ఆరిపోయింది, అలారం వెంట్ ఆఫ్ అంటే మోగింది, బాంబు వెంట్ ఆఫ్ అంటే పేలింది, బ్రిటిష్ వాడుకలో పాలు వెంట్ ఆఫ్ అంటే విరిగిపోయాయి. ఒకే రెండు మాటలు, కర్తను బట్టి అర్థం తలకిందులవుతున్నది. గో ఆఫ్ అనగానే ఆగిపోవు అని ఒక తెలుగు మాట రాసుకుని పెట్టుకున్నవాడు అందుకే దెబ్బతింటాడు. మేడమ్ ఈ సందర్భంలో చెప్పింది నాకు సబబుగా తోచింది: ఆఫ్‌కు ఆగడమే మూలార్థమని అనుకోకుండా ఉన్నచోటి నుంచి విడివడడం అని అనుకుంటే, విమానం టేక్ ఆఫ్ కావడం, ప్రయాణానికి సెట్ ఆఫ్ కావడం, బిగబట్టి ఉంచినది ఒక్కసారిగా గో ఆఫ్ కావడం ఒక దారిలోకి వస్తాయి. అన్నీ రావు; ఆ సంగతీ ఆమె దాచలేదు.

తెలుగు వ్యాకరణాన్ని ఆసరాగా తీసుకోవడం ఆమె బలం. ఇంగ్లిష్‌వాళ్లు క్రియ పక్కన పొట్టి మాట చేర్చి చేసే పనిని మనం క్రియ పక్కన ఇంకో క్రియ చేర్చి చేస్తాం. తిను అన్నదానికి వేయు చేరి తినేయ్ అయితే పని పూర్తి కావాలన్న ధ్వని వస్తుంది, ఈట్ అప్‌లో అప్ చేసేది అదే. పడు పక్కన పో చేరితే పడిపోయాడు. రాసిపెట్టు, రాసుకో అన్న తేడాను రైట్ డౌన్ ఒక్కటే మోయవలసి వస్తుంది, ఎవరికోసం అన్నది ఇంగ్లిష్ చెప్పదు. మర్చిపోయాడు అన్నదానిలో పోవడం ఎక్కడుంది అని మనల్ని ఎవరైనా అడిగితే నీళ్లు నమలవలసిందే. గివ్ అప్‌లో పైకి పోయేది ఏమిటని ఇంగ్లిష్‌వాడిని అడిగినా అంతే. ఈ పోలిక విన్న తరువాత గదిలో చాలామందికి భయం తగ్గింది.

భారతదేశపు వాడుకల గురించి చెప్పిన భాగం ఉద్యోగం వెతుక్కునేవారికి నేరుగా అక్కరకు వస్తుంది. పాస్ అవుట్ అన్నది మనకు చదువు ముగించడం. వాకిన్ ఇంటర్వ్యూ ప్రకటనలలో ఫలానా సంవత్సరం పాసవుట్లు మాత్రమే రావాలని ఉంటుంది. బ్రిటన్‌లోను అమెరికాలోను ఆ మాటకు మామూలు అర్థం స్పృహ తప్పి పడిపోవడం. సైనిక శిక్షణ ముగించడం అన్న అర్థం మాత్రం బ్రిటిష్ వాడుకలో ఉంది. హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీ పాసింగ్ అవుట్ పరేడ్ అని పత్రికలలో చదివేది దానినే. అందువల్ల దీనిని పచ్చి తప్పు అనడానికి లేదని, విదేశీయులకు పంపే రెజ్యూమెలో మాత్రం గ్రాడ్యుయేటెడ్ అని రాసుకోవడం మేలని ఆమె చెప్పారు. పుట్ అప్ సంగతి ఇంకా ముచ్చటైనది. మన ప్రభుత్వ కార్యాలయాలలో ఫైలు పుటప్ చేయడమంటే పై అధికారి ముందు పెట్టడం. పీజీలలో వేర్ ఆర్ యూ పుట్ అప్ అంటే ఎక్కడ ఉంటున్నారని. ఒకరిని తన ఇంట్లో ఉంచుకోవడం అన్న అర్థం బయటి ఇంగ్లిష్‌లోనూ ఉన్నా, ప్రశ్నను ఈ రూపంలో వాళ్లు సాధారణంగా అడగరు. దానికి విత్ చేరిందంటే సహించడం, ఓర్చుకోవడం. బాసును పుట్ అప్ చేయడానికీ, బాసుతో పుట్ అప్ విత్ కావడానికీ ఉన్న దూరం ఒక విత్ మాత్రమే అని ఆమె అన్నప్పుడు గది గొల్లుమంది.

లే ఆఫ్ గురించి మాత్రం తరగతిలో సగమే చెప్పారు. ఉద్యోగం తీసేయడం అని చెప్పి ముందుకు సాగారు. అమెరికా కంపెనీల భాషలో ఇప్పుడు అంతే గాని, మన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోను, 2025లో దాని స్థానంలో అమలుకు వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోను లేఆఫ్ అంటే బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకు వంటివి లేకనో యంత్రం చెడిపోయో యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. కార్మికుడి పేరు హాజరు పట్టీలో ఉంటుంది. అర్హత ఉన్నవారికి మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం పరిహారంగా రావాలి. శాశ్వతంగా తొలగించడాన్ని ఆ చట్టాలు రిట్రెంచ్‌మెంట్ అన్నాయి. ఈ మాట రోజూ వార్తలలో వినబడే ఊరిలో నడిచే తరగతిలో ఈ తేడా రావలసింది.

ఇక పుస్తకం. రుసుము 6,500 రూపాయలు, అందులోనే స్పైరల్ బైండింగ్ పుస్తకానికి 900. వద్దన్నా తీసుకోక తప్పదు. ఐదు వందల ఫ్రేజల్ వెర్బులు అక్షరక్రమంలో, ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక్కొక్క తెలుగు మాట, కింద ఒక వాక్యం. మేడమ్ ఆదివారమంతా శ్రమపడి చెప్పినదానిని ఈ పుస్తకం సోమవారం నుంచి చెరిపేస్తుంది. గో ఆఫ్‌కు ఆగిపోవు అనే ఉంది. లుక్ ఆఫ్టర్‌కు ఎదురుగా తరువాత చూచుట అని ఉంది. ఏ యంత్రానువాదం నుంచి ఎత్తి పోశారో తెలియదు గాని, బాగోగులు చూసుకోవడం అన్న అర్థం పుటలో ఎక్కడా లేదు. భారతీయుల నోట తరచుగా వినబడే కోప్ అప్ విత్ ఈ జాబితాలో సాధు రూపంగా అచ్చయింది. బయట కోప్ విత్ అనే అంటారు, అప్ అక్కరలేదు. ఈ పుటను చూపించినప్పుడు మేడమ్ కూడా పెన్సిలుతో కొట్టివేసుకోమన్నారు తప్ప, వచ్చే ముద్రణలో మారుస్తామని యాజమాన్యం నుంచి హామీ ఏదీ రాలేదు.

అర్థం సరిగానే ఇచ్చిన చోట్ల కూడా వాడుక లేకపోవడం ఇంకో లోపం. సెట్ ఇన్‌కు ప్రారంభమగు అని ఉంది, తప్పు కాదు. ఆ ఒక్క మాట నమ్ముకుని నా పక్కన కూర్చున్న కడప కుర్రాడు క్రికెట్ మ్యాచ్ పదింటికి సెట్ ఇన్ అయిందని వాక్యం రాశాడు. సెట్ ఇన్ అయ్యేవి వానలు, చలి, కుళ్లు, ఇన్‌ఫెక్షన్, నిరాశ. వచ్చి కొన్నాళ్లు తిష్ఠ వేసేవి, ఎక్కువ భాగం మనకు ఇష్టం లేనివి. ఏటా జూన్ 1 ప్రాంతంలో కేరళలో నైరుతి ఋతుపవనాలు ప్రవేశించాయని ఇంగ్లిష్ పత్రికలు రాసే వాక్యం ఒక్కటి ఉదాహరణగా ఇచ్చి ఉంటే ఆ కుర్రాడు మ్యాచ్ జోలికి వెళ్లేవాడు కాదు. ఏ కర్తతో వస్తుంది, ఏ కర్మతో వస్తుంది అన్నది చెప్పని అర్థంతో వాక్యం తయారుకాదు. ఫ్రేజల్ వెర్బులను రాతపూర్వకమైన ఇంగ్లిష్‌లో వాడరాదని ముందుమాటలో ఉన్న సలహా కూడా చెల్లదు. పుట్ ఆఫ్ కంటే పోస్ట్‌పోన్, ఫైండ్ అవుట్ కంటే అసర్టెయిన్ లాంఛనంగా వినబడతాయన్నది నిజమే గాని, క్యారీ అవుట్, సెట్ అప్, లే డౌన్ అన్నవి ప్రభుత్వ ఉత్తర్వులలోను కోర్టు తీర్పులలోను నిత్యం కనిపిస్తాయి.

ముగింపు పరీక్ష ఈ పుస్తకం నుంచే వస్తుంది, నాలుగింటిలో ఒకటి గుర్తించే పద్ధతిలో. తరగతిలో బాగా మాట్లాడినవారికి తక్కువ మార్కులు, జాబితా బట్టీపట్టినవారికి ఎక్కువ మార్కులు వచ్చాయి. పాసైనవారికి ఇచ్చే సర్టిఫికెట్‌ను ఏ కంపెనీ అయినా పరిగణిస్తుందని నేను అనుకోను.

చివరి తరగతులలో మరొక సారు వచ్చి కంపెనీ మీటింగు అభ్యాసం చేయించారు. సర్కిల్ బ్యాక్, రీచ్ అవుట్ వంటి ఊతపదాలను స్లైడ్ల మీద చదివి వినిపించడం తప్ప అందులో విశేషం లేదు. పుష్ బ్యాక్ ఒక్కటి బాగా చెప్పారు: గడువును పుష్ బ్యాక్ చేస్తే వాయిదా వేయడం, ప్రతిపాదన మీద పుష్ బ్యాక్ చేస్తే అభ్యంతరం చెప్పడం. అనుకున్నదానికంటే ముందే జరపడానికి మనం వాడే ప్రీపోన్‌కు బదులు బ్రింగ్ ఫార్వర్డ్ అంటే బయటివాళ్లకు తడుముకోకుండా అర్థమవుతుంది.

గది ఇరుకు. ముప్పై మందికి పైగా కూర్చుంటే ఏసీ చాలదు. కింది మెస్సులో పదకొండు దాటాక వేసే తాలింపు ఘాటుకు తరగతి అంతా ఒకసారి తుమ్ముతుంది. రికార్డింగులు ఇస్తామన్నారు గాని, శబ్దం సరిగా లేదు. ఉచ్చారణకు సంబంధించిన పాఠంలో అది పెద్ద లోటే. తప్పిపోయిన తరగతిని తరువాతి బ్యాచ్‌లో కూర్చుని పూర్తిచేసుకోనివ్వడం మాత్రం మెచ్చుకోదగినది, దానికి అదనంగా డబ్బు అడగలేదు.

డిగ్రీ ముగించి ఇప్పుడే ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చడం నేర్చుకుంటున్నవారు దీనిలో చేరవద్దు. వాళ్లకు ఇది గందరగోళంగానే ఉంటుంది. రెండు మూడేళ్లుగా ఉద్యోగంలో ఉండి, రాసిన ఇంగ్లిష్ అర్థమవుతూ, విదేశీ కాల్స్‌లో మాత్రం వెనకబడుతున్నవారికి ఈ మేడమ్ పాఠం 6,500 పెట్టదగినదే. చేరేముందు ఆ బ్యాచ్‌కు చెప్పేది ఆమేనా అని కౌంటరులో గట్టిగా అడగండి, ఎందుకంటే సాయంత్రపు బ్యాచ్‌ను స్లైడ్ల సారుకు ఇచ్చారు. పుస్తకం లేకుండా చేర్చుకోమని నేను అడిగితే కుదరదన్నారు. నా తరువాత అడిగిన ఒకరికి పాత పుస్తకం ఉందని చెప్పగా 900 తగ్గించారు. పాత పుస్తకం మీకు కావాలంటే ఆ మేడ మెట్ల పక్కనున్న జిరాక్స్ షాపులో సగం ధరకు దొరుకుతుంది.